తకిట తకధిమితో ప్రోగ్ మెటల్ గిటార్: మొదటి రిఫ్ నుంచి సొంత ట్రాక్ దాకా

ఆదిభట్ల నారాయణదాసు గారికి ‘పంచముఖీ పరమేశ్వర’ అని ఒక బిరుదు ఉండేది. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఈ ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి వేసేవారని మా విజయనగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. చిన్నప్పుడు ఈ మాట విని ఊరుకున్నాను. ఇరవై ఏళ్లు దాటాక ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మెషుగ్గా అనే స్వీడన్ బ్యాండ్ వింటున్నాను. డ్రమ్మర్ చేతులు నాలుగు లెక్కలో నడుస్తున్నాయి. కాళ్లు గిటార్‌తో కలిసి ఇంకో లెక్కలో పోతున్నాయి. చాలాసేపటికి రెండూ ఒకే చోట వచ్చి పడ్డాయి. నారాయణదాసు గారి కథ గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

అప్పటి నుంచి నేను వాయించేది ఈ సంగీతమే. పాడే మనిషి లేకుండా గిటారే అంతా నడిపించే ప్రోగ్రెసివ్ మెటల్. బరువైన డిస్టార్షన్ (కావాలని గరగరలాడించిన గిటార్ శబ్దం), బేసి తాళాలు, చాలా వేగం, మధ్యలో జాజ్ లాంటి మెత్తని కార్డ్స్. 1980లలో జో సాట్రియానీ, స్టీవ్ వాయ్ గిటార్‌తోనే పాట పాడించి దారి వేశారు. డ్రీమ్ థియేటర్ బ్యాండ్ గిటారిస్టు జాన్ పెట్రుచి దానికి పొడవాటి నిర్మాణాలు, క్లిష్టమైన లెక్కలు తెచ్చారు. 2009లో టోసిన్ అబాసీ తన బ్యాండ్ ఏనిమల్స్ యాజ్ లీడర్స్ మొదటి ఆల్బమ్‌తో ఎనిమిది తీగల గిటార్‌ను కొత్త వాయిద్యంలా వినిపించారు. ఆస్ట్రేలియా నుంచి ప్లీని, కెనడా నుంచి ఇంటర్వల్స్, మన గువాహటి నుంచి అమోఘ్ సింఫనీ, ఇలా చాలామంది ఉన్నారు.

నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఒకటే. ఈ సంగీతానికి వేళ్ల కంటే ముందు నోరు, అరచెయ్యి తయారు కావాలి. తాళం వేస్తూ నోటితో చెప్పగలిగినది చేతికి వస్తుంది. చెప్పలేనిది ఎన్ని నెలలు సాధన చేసినా తడబడుతూనే ఉంటుంది. నేను రెండేళ్లు తిరగేసి సాధన చేసి ఆ తర్వాత దారిలో పడ్డాను. మీకు ఆ రెండేళ్లు మిగలాలని ఇంత వివరంగా రాస్తున్నాను. పవర్ కార్డ్స్, పామ్ మ్యూటింగ్ (అరచేతి అంచుతో తీగను అదిమి మీటడం) వచ్చి, ఏడాదిగా గిటార్ పట్టుకుంటున్నవాళ్లు ఎవరైనా ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. రోజుకు గంట చాలు. ఆ గంట మాత్రం తప్పకూడదు.

1. వినడం

ఒక ట్రాక్ ఎంచుకుని మూడుసార్లు వినండి. మొదటిసారి రాగం మాత్రమే వినండి, దాన్ని కూనిరాగం తీయగలగాలి. రెండోసారి సింబల్ దెబ్బలు మాత్రమే వినండి. గిటార్ ఎంత గజిబిజిగా ఉన్నా చాలా ట్రాకుల్లో సింబల్ తిన్నగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నడుస్తుంటుంది. మన తల ఊగేది దానితోనే. మూడోసారి ఆ సింబల్‌కు చేత్తో తాళం వేస్తూ గిటార్ ఎక్కడ మళ్లీ మొదటికి వస్తుందో పట్టుకోండి. పట్టుకోలేకపోతే ఫరవాలేదు. నాలుగో మెట్టు దాకా చదివాక మళ్లీ వినండి.

2. గిటార్

ఎనిమిది తీగల గిటార్ కొనాలని అందరికీ మనసు లాగుతుంది. ఆగండి. ఆరు తీగలు, హంబకర్ పికప్స్ ఉన్న మామూలు గిటార్‌తో మొదటి రెండేళ్లు హాయిగా గడిచిపోతాయి. మామూలు శ్రుతిలో ఆరో తీగ ఇ (E) స్వరం, అంటే 82.4 హెర్ట్జ్. ఏడు తీగల గిటార్‌లో అన్నిటికంటే కింది తీగ బి, 61.7 హెర్ట్జ్. ఎనిమిది తీగలదానిలో ఎఫ్ షార్ప్, 46.2 హెర్ట్జ్. బేస్ గిటార్ కింది ఇ 41.2 హెర్ట్జ్ అని గుర్తుంటే, ఎనిమిదో తీగ బేస్‌కు ఎంత దగ్గరికి పోయిందో అర్థమవుతుంది. అంత కింద ప్రతి చిన్న తప్పూ బురదలా వినిపిస్తుంది. చేతి శుభ్రం వచ్చాక తీగలు పెంచుకోవచ్చు.

ఫ్రెట్లు 24 ఉన్నది దొరికితే తీసుకోండి. మన వీణకూ మెట్లు ఇరవై నాలుగే, రెండు స్థాయిలు నిండుగా వస్తాయి. మా జిల్లాలోని బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేస్తారు. ఆ మెట్లను మైనంలో కూర్చుతారు కాబట్టి శ్రుతి తేడా వస్తే మైనం కరిగించి మళ్లీ సర్దవచ్చు. గిటార్ ఫ్రెట్ కదలదు. అందుకే బ్రిడ్జి మీద ఉన్న శాడిల్స్‌ను ముందుకూ వెనక్కూ జరిపి ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి కుదరడం) సరిచేయాలి. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ ఒకసారి, నొక్కి ఒకసారి మీటి ట్యూనర్‌లో చూడండి. నొక్కినది హెచ్చుగా ఉంటే శాడిల్‌ను వెనక్కి జరపాలి, తగ్గుగా ఉంటే ముందుకు.

12వ ఫ్రెట్ మీద తీగ ఎత్తు లావు తీగ వైపు 1.8 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 1.5 దగ్గర పెట్టుకుంటే వేగానికీ కుదురుతుంది, తీగ గరగరలాడదు. నెక్‌లో కొంచెం వంపు ఉండాలి. లావు తీగను మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుంటే, మధ్యలో 7వ, 8వ ఫ్రెట్ల దగ్గర విజిటింగ్ కార్డు మందానికి కాస్త తక్కువ సందు కనిపించాలి. నెక్ లోపలి కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను ఒకసారికి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి, తిప్పాక ఒక పూట ఆగండి. ఈ పని మీరే నేర్చుకోవడం మంచిది. ఒకసారి నేను బయట ఒకచోట సెటప్‌కు ఇస్తే నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) గాడిని మరీ లోతుగా కోసి ఇచ్చారు. ఓపెన్ తీగ మొదటి ఫ్రెట్‌కు తగిలి జిర్రుమనేది. నట్ మార్చేదాకా ఆ గిటార్ వాయించలేకపోయాను.

ఇక మన ఉక్కపోత. సముద్రపు గాలి తగిలే జిల్లా మనది, తీగలు తొందరగా తుప్పు పడతాయి. వాయించడం అవగానే పొడి గుడ్డతో ప్రతి తీగనూ పైనా కిందా తుడవండి. కేసులో రెండు సిలికా జెల్ పొట్లాలు వేయండి. వీలైతే కోటెడ్ తీగలు వేసుకోండి, ధర ఎక్కువైనా ఎక్కువ రోజులు వస్తాయి. ఆరో తీగను డి దాకా దించే ఆలోచన ఉంటే 10-52 సెట్ (ఇవి సన్న తీగ, లావు తీగ మందాలు) మంచిది, 10-46లో లావు తీగ వదులైపోతుంది.

3. శబ్దం

పెద్ద యాంప్ అవసరం లేదు. ఆడియో ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్, వైరున్న హెడ్‌ఫోన్స్ చాలు. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పనికిరావు. తీగ మీటిన తర్వాత శబ్దం ఆలస్యంగా వస్తుంది, దాంతో చెయ్యి తాళం తప్పుతుంది. న్యూరల్ యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, చాలా బాగుంటుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 128 శాంపిల్స్ పెడితే ఒకవైపు ఆలస్యం 2.7 మిల్లీసెకన్లు. రానూపోనూ కలిపి పది మిల్లీసెకన్ల దగ్గర ఉంటే చేతికి తెలియదు.

యాంప్‌కు ముందు ఓవర్‌డ్రైవ్ పెట్టి, దాని డ్రైవ్ సున్నాకు దగ్గరగా, లెవెల్ ఎక్కువగా ఉంచండి. కింది స్వరాల్లో బురద పోయి రిఫ్ (మళ్లీ మళ్లీ తిరిగే గిటార్ ముక్క) బిగుసుకుంటుంది. గెయిన్ మీకు కావాలనిపించిన దానికంటే కొంచెం తక్కువే పెట్టండి. గెయిన్ ఎక్కువైతే తప్పులు దాని వెనక దాక్కుంటాయి. నాయిస్ గేట్ (వాయించనప్పుడు మోతను కోసేసేది) కూడా అంతే, సాధనలో దాన్ని తీసేసి చేత్తోనే తీగలు ఆపడం నేర్చుకోవాలి.

ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే గిటార్ గుయ్యిమంటుంది, ఒక్కోసారి తీగ ముట్టుకుంటే చేతికి చిమచిమలాడుతుంది. అలా అనిపిస్తే వెంటనే ప్లగ్ తీసేసి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి. అది సరయ్యేదాకా వాయించకండి.

4. నోరు, అరచెయ్యి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. నేను తొందరపడి ఈ మెట్టు దాటేశాను. ఏడు లెక్క రిఫ్ ఒకటి వారం రోజులు కుస్తీపట్టి వాయిస్తుంటే, మృదంగం వాయించే మా మావయ్య గుమ్మంలో నిలబడి విన్నాడు. “ఒరే, నువ్వు మిశ్రం వాయిస్తా చతురశ్రం లెక్కెడతన్నావురా. ముందు గిటార్ కింద పెట్టు” అన్నాడు. మిశ్రం అంటే ఏడు, చతురశ్రం అంటే నాలుగు. కూర్చోబెట్టి తాళం వేయించాడు. ఆ సాయంత్రం నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

ముందు ఈ ఐదూ నోటికి రావాలి:

మూడు: తకిట
నాలుగు: తకధిమి
ఐదు: తక తకిట
ఏడు: తకిట తకధిమి
తొమ్మిది: తకధిమి తక తకిట

ప్రతి అక్షరం ఒకే దూరంలో పడాలి. ఏడు చెప్పేటప్పుడు తకిటకూ తకధిమికీ మధ్య ఊపిరి పీల్చుకునే ఖాళీ రాకూడదు. అందరూ అక్కడే జారతారు.

ఇప్పుడు ఆదితాళం. తొడ మీద ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, తర్వాత దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. మెట్రోనోమ్ 60 దగ్గర, అంటే నిమిషానికి అరవై లెక్కలకు పెట్టి ప్రతి లెక్కకూ ఒక తకధిమి చెప్పండి. ఎనిమిది నాలుగులు ముప్పై రెండు అక్షరాలు. మెటల్ భాషలో చెబితే రెండు బార్లు (నాలుగు లెక్కలు ఒక బార్), పదహారేసి నోట్లు.

అదే ఆదితాళం వేస్తూ, అదే వేగంలో, ‘తకిట తకధిమి’ నాలుగుసార్లు చెప్పి చివర ఒక తకధిమి చేర్చండి. నాలుగు ఏడులు ఇరవై ఎనిమిది, నాలుగు కలిపితే ముప్పై రెండు. సరిగ్గా సరిపోయింది. కానీ నోరు ఏడులో, చెయ్యి నాలుగులో నడుస్తుంది కాబట్టి మొదట్లో చెయ్యి నోటి వెంట పరుగెత్తుతుంది. దాన్ని పట్టి ఉంచడానికి ఈ గుర్తులు పెట్టుకోండి. మొదటి ఏడు తాళంతో పాటే మొదలవుతుంది. రెండో ఏడు రెండో లెక్కలో నాలుగో అక్షరం మీద మొదలవుతుంది. మూడోది నాలుగో లెక్కలో మూడో అక్షరం మీద. నాలుగోది ఆరో లెక్కలో రెండో అక్షరం మీద. చివరి తకధిమి ఎనిమిదో లెక్క మీద, చివరి విసురుతో కలిసి, సూటిగా పడుతుంది. ఒక్కో అక్షరం వెనక్కి జరుగుతూ వచ్చి తాళాన్ని కలుసుకుంటుంది. మొదటిసారి ఇది తప్పు లేకుండా వచ్చిన రోజు నేను డాబా మీద ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను.

మెషుగ్గా లాంటి బ్యాండ్లు చేసేది ప్రధానంగా ఇదే. రిఫ్ ఒక బేసి లెక్కలో తిరుగుతుంటుంది, సింబల్ నాలుగులో ఉంటుంది, నాలుగు బార్లో ఎనిమిది బార్లో అయ్యాక చివరి ముక్కను కత్తిరించో పొడిగించో సమం (తాళం మొదటి దెబ్బ) మీదికి తెస్తారు. ఏడక్షరాల రిఫ్‌ను నాలుగు బార్లలో నింపాలంటే అరవై నాలుగు అక్షరాలు. తొమ్మిదేళ్లు అరవై మూడు, ఒకటి మిగులుతుంది. లేదా ఎనిమిదేళ్లు యాభై ఆరు, ఎనిమిది మిగులుతాయి, అక్కడ రెండు తకధిములు వేసుకోవచ్చు. మన మృదంగం వాళ్లు ముక్తాయింపుకు (ముగింపుకు) వేసే లెక్క ఇలాంటిదే. ఐదు, తొమ్మిది, పదకొండు తీసుకుని కాగితం మీద మీరే లెక్క కట్టి నోటితో చెప్పి చూడండి. ఐదైతే ముప్పై రెండులో ఆరుసార్లు పట్టి రెండు మిగులుతాయి, ఆ చివరి ‘తక’ ఎంత ఊపునిస్తుందో చూడండి.

ఇంకొకటి ఉంది, దీనితో కలిపేసుకోకండి. ఒకే లెక్కలో నాలుగు బదులు ఐదు అక్షరాలు సమానంగా ఇమడ్చడం. దాన్ని మనం ఖండ గతి అంటాం, గిటార్ వాళ్లు క్వింటుప్లెట్ అంటారు. పైన చెప్పినదాంట్లో అక్షరం వేగం మారదు, గుంపు మారుతుంది. ఇందులో అక్షరం వేగమే మారుతుంది. మెట్రోనోమ్ అలాగే ఉంచి ఒక లెక్క తకధిమి, ఒక లెక్క తక తకిట చెబుతూ మార్చి మార్చి సాధన చేస్తే తేడా ఒంటికి పడుతుంది.

ఈ మెట్టుకు నెల రోజులు ఇవ్వండి. బస్సులో, వంటింట్లో, స్నానం చేస్తూ కూడా చేయవచ్చు, గిటార్ అక్కర్లేదు.

5. అలంకారాలు రిఫ్‌లుగా

సంగీతం నేర్చుకునే పిల్లలున్న వీధిలో ఉంటే సరళీ స్వరాలు, అలంకారాలు పొద్దున్నే చెవిలో పడతాయి. అవన్నీ మాయామాళవగౌళలో ఉంటాయి. మెటల్ గిటార్‌కు ఇంతకంటే మంచి స్వరమాల నాకు కనిపించలేదు. స-రి, గ-మ, ప-ద, ని-స, ఈ నాలుగు జంటల మధ్యా అర స్వరమే దూరం. డిస్టార్షన్‌లో ఆ ఇరుకు భయంకరంగా, అందంగా వినిపిస్తుంది.

షడ్జం ఇ అనుకోండి. 5వ తీగ మీద 7, 8, 11, 12 ఫ్రెట్లు స రి గ మ. 4వ తీగ మీద 9, 10, 13, 14 ఫ్రెట్లు ప ద ని స. రెండు తీగల మీదా ఒకే ఆకారం, రెండు ఫ్రెట్లు జరిగింది, అంతే. ఒకసారి చూస్తే మరిచిపోరు. కింద 6వ తీగ ఓపెన్‌గా మంద్ర షడ్జం ఎలాగూ ఉంది.

త్రిపుట తాళ అలంకారం తీసుకోండి: సరిగ సరి గమ, రిగమ రిగ మప. మూడు, రెండు, రెండు, మొత్తం ఏడు. ముందు మామూలుగా వాయించండి, ప్రతి గుంపులో మొదటి స్వరాన్ని గట్టిగా మీటండి. తర్వాత ఆ గట్టి స్వరాలు తప్ప మిగతావన్నీ తీసేసి, వాటి స్థానంలో 6వ తీగను పామ్ మ్యూట్ చేసి ఓపెన్‌గా కొట్టండి:

స – – స – గ –
రి – – రి – మ –
గ – – గ – ప –

అడ్డగీత ఉన్నచోటల్లా మ్యూట్ చేసిన 6వ తీగ. ఇది మెల్లగా వాయిస్తే అలంకారం. డిస్టార్షన్ పెట్టి 110 దగ్గర వాయిస్తే 7/8 రిఫ్. మీ చెవులే చెబుతాయి.

ఝంపె అలంకారం పది అక్షరాలు: సరిగసరిసరి గ మ, (చివర ఒక కార్వై, అంటే కొత్త స్వరం లేని అక్షరం). ధ్రువ తాళానిది పద్నాలుగు: సరిగమ గరి సరిగరి సరిగమ. రెండింటికీ అదే పని చేయండి. ఝంపెలో చివర ఉండే కార్వైని పూర్తి నిశ్శబ్దంగా వదలండి, రెండు చేతులతోనూ తీగలు పట్టేయండి. ఈ సంగీతంలో ఆ నిశ్శబ్దం కూడా దెబ్బ లాగానే పడాలి.

మా జిల్లాలోనే కాదు, తెలుగునాట ఎక్కడైనా సంగీతం మాస్టారి ఇంట్లో దొరికే ఈ పాఠాలు బేసి తాళాల రిఫ్‌లకు తయారుగా ఉన్న గని అని నా గట్టి నమ్మకం. డబ్బు పెట్టి విదేశీ కోర్సులు కొనేముందు ఈ మూడు అలంకారాలను ఆరు శ్రుతుల్లో వాయించి చూడండి.

6. కుడి చెయ్యి

నేను చేసిన తప్పు చెబుతాను. 60 దగ్గర మొదలుపెట్టి రోజుకు రెండేసి పెంచుకుంటూ పోయాను. 126 దగ్గర ఆగిపోయాను. మోచేయి బిగించి ముందుకు తోస్తే ముంజేయి నొప్పి పట్టి నెల రోజులు గిటార్ పక్కన పెట్టాల్సి వచ్చింది. మెల్లగా వాయించేటప్పుడు చెయ్యి ఏ కదలికతోనైనా పని గడిపేస్తుంది. వేగానికి పనికొచ్చే కదలిక వేరు. ఆ కదలికను వేగంలోనే వెతుక్కోవాలి.

దీనికి చిన్న విసుర్లు మంచివి. మెట్రోనోమ్ 140 పెట్టండి. ఒకే తీగ మీద తకధిమి ఒక్కసారి వాయించి తర్వాతి లెక్క మీద ‘త’ అని దిగి ఆగండి. మూడు లెక్కలు విశ్రాంతి. మళ్లీ. చెయ్యి వదులుగా ఉండి శుభ్రంగా వస్తే రెండు తకధిములు, తర్వాత నాలుగు. 120 దగ్గర పదహారు నోట్లంటే సెకనుకు ఎనిమిది దెబ్బలు, 160 దగ్గర దాదాపు పదకొండు. అది బలంతో వచ్చేది కాదు. మణికట్టు చిన్నగా ఊగితే వస్తుంది.

రెండో చిక్కు తీగ మారడం. పిక్‌ను కాస్త కిందికి వాల్చి పట్టుకుంటే పై దెబ్బ కొట్టాక పిక్ తీగల మీది నుంచి గాలిలోకి లేస్తుంది, కింది దెబ్బ తర్వాత మాత్రం రెండు తీగల మధ్య ఇరుక్కుంటుంది. అంటే అలా పట్టుకున్నప్పుడు తీగకు సరి సంఖ్యలో నోట్లు ఉండి కింది దెబ్బతో మొదలైతే తీగ మారడం హాయిగా ఉంటుంది. పైన ఇచ్చిన మాయామాళవగౌళ ఆకారంలో తీగకు నాలుగు నోట్లున్నాయి కాబట్టి అది సరళంగా దొర్లుతుంది. తీగకు మూడు నోట్ల ఆకారాల్లో ఇరుక్కుంటున్నారంటే కారణం ఇదే. అక్కడ ఒక నోటును ఎడమ చేత్తో హ్యామర్ ఆన్ చేసేయండి (మీటకుండా వేలితో కొట్టి పలికించండి), లేదా పిక్ వాలు మార్చడం నేర్చుకోండి. పిక్ మందం ఒక మిల్లీమీటరుకు పైనే ఉండాలి, పల్చటిది వంగిపోతుంది.

తర్వాత టోసిన్ అబాసీ వాడే థంపింగ్. బేస్ మీద విక్టర్ వూటెన్ పేరు తెచ్చిన పద్ధతికి ఇది చుట్టం. పిక్ పక్కన పెట్టి, బొటనవేలితో తీగను కిందికి కొట్టి దాటించండి, అదే వేలిని పైకి లాగుతూ మళ్లీ కొట్టండి, మూడోది చూపుడు వేలితో పక్క తీగను లాగి వదలండి. కింద, పైన, లాగుడు: తకిట. ఇది వచ్చాక తకిట తకిట తక అని ఎనిమిదిలో కలపండి. బొటనవేలి పక్కన చర్మం వారం రోజులు మండుతుంది, తర్వాత గట్టిపడుతుంది.

నొప్పికీ అలసటకూ తేడా తెలుసుకోండి. బరువెక్కినట్టుంటే అలసట, పది నిమిషాలు ఆగితే పోతుంది. పొడిచినట్టున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా ఆ రోజుకు ఆపేయండి. రెండు రోజులైనా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

7. గిటార్ పాడాలి

పాడేవాళ్లు లేరు కాబట్టి వినేవాళ్లకు పట్టుకోవడానికి రాగం ఒక్కటే ఉంది. వేగంగా వాయించేవాళ్లు చాలామంది దొరుకుతారు, నాలుగు స్వరాలు మీటి గుండె పట్టేసేవాళ్లు కొందరే. ప్లీని ట్రాకుల్లో నాకు నచ్చేది అదే, ఎంత లెక్క నడుస్తున్నా పైన రాగం పిల్లలు కూడా పాడేలా ఉంటుంది.

మనకు ఇక్కడ పుట్టుకతో వచ్చిన ఆస్తి ఉంది. సాట్రియానీ, వాయ్ ఇష్టపడే లిడియన్ స్వరాలు కళ్యాణివి. మెటల్‌లో ఎక్కడ చూసినా కనిపించే హార్మోనిక్ మైనర్ స్వరాలు కీరవాణివి, ఫ్రీజియన్ డామినెంట్‌వి వకుళాభరణానివి. కానీ స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం కాదు, గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) లేని కళ్యాణి వట్టి మెట్లవరుస. అందుకే రోజుకు పది నిమిషాలు ఒకే తీగ మీద, ఒకే వేలితో, జారుతూ, బెండ్ చేస్తూ (తీగను పక్కకు లాగుతూ) ఒక చిన్న సంగతి, అంటే చిన్న రాగపు ముక్క వాయించండి. బెండ్ చేసి చేరాల్సిన స్వరాన్ని ముందు మామూలుగా నొక్కి విని, తర్వాత బెండ్ చేసి అక్కడికే చేరారో లేదో సరిచూసుకోండి. చాలామంది కొంచెం కిందే ఆగిపోతారు.

మీరు ఫోన్‌లో రికార్డు చేసుకునే ముందు దాన్ని నోటితో పాడండి. పాడినదీ వాయించినదీ పక్కపక్కన విని చూడండి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఇదే ఊళ్లో వయొలిన్ పాఠం చెప్పారు, పశ్చిమం నుంచి వచ్చిన వాయిద్యం ఆయన చేతిలో తెలుగు గొంతులా పలికింది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో అదే చేశారు. డిస్టార్షన్ గిటార్‌లో స్వరం చాలాసేపు నిలబడుతుంది, గమకానికి కావాల్సింది అదేగా.

8. ఒక ట్రాక్ పూర్తిగా

ఇష్టమైనదాన్నే ఎంచుకోండి, తేలికదాన్ని కాదు. చాలా బ్యాండ్లు తమ ట్యాబ్‌లను (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో రాసినవి) తామే అమ్ముతాయి, కొంటే తప్పుల్లేని నోట్లు దొరుకుతాయి, వాయించినవాళ్లకు డబ్బు వెళ్తుంది. ప్రతి రిఫ్‌కూ కింద తకిట తకధిమి రాసుకోండి. నోటితో పూర్తి వేగంలో చెప్పగలిగాక గిటార్ పట్టి 60 శాతం వేగంలో మొదలుపెట్టండి. వెనక నుంచి ముందుకు నేర్చుకోవడం నాకు బాగా కలిసొచ్చింది. చివరి ఎనిమిది బార్లు ముందు, తర్వాత వాటి ముందు ఎనిమిది. అలా చేస్తే వాయిస్తూ పోయేకొద్దీ బాగా వచ్చిన భాగంలోకి అడుగుపెడతారు, టెన్షన్ తగ్గుతుంది.

9. సొంత ట్రాక్

ఒక లెక్క, ఒక సంగతి, ఈ రెండే చాలు. ఉదాహరణకు నాలుగో మెట్టులో చెప్పిన నాలుగు ఏడులు, ఒక నాలుగు. దాని మీద కళ్యాణిలో ఎనిమిది బార్ల రాగం. డ్రమ్స్ సాఫ్ట్‌వేర్‌లో సింబల్‌ను ప్రతి లెక్కకూ, స్నేర్‌ను ప్రతి బార్‌లో మూడో లెక్కకూ పెట్టి, కిక్‌ను మాత్రం రిఫ్‌తో కలపండి. రిఫ్ గిటార్‌ను రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పంపండి. ఒకసారి వాయించినదాన్ని కాపీ చేస్తే ఆ వెడల్పు రాదు.

లెక్కల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మన వైపు జాతరల్లో తప్పెటగుళ్లు చూడండి. రొమ్ము మీద తప్పెట, కాళ్లకు గజ్జెలు, వాయిస్తూ గంతులేస్తూ పాడతారు, నడక ఒకటి, దరువు ఒకటి. పైడితల్లమ్మ సిరిమాను రోజున ఫోన్‌లో రికార్డు చేసుకున్న అర నిమిషం దరువు నుంచి నాకు ఒక పూర్తి రిఫ్ వచ్చింది. గజ్జె ఎక్కడ పడిందో అక్కడ మ్యూట్, తప్పెట ఎక్కడ పడిందో అక్కడ కార్డ్.

10. మృదంగంతో కూర్చోవడం

మా ఊళ్లో మెటల్ డ్రమ్మర్ దొరకడం కష్టం, మృదంగం నేర్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకరిని పిలవండి. ముందు శ్రుతి అడగండి. ఇ అంటే మూడు శ్రుతి, అన్ని మృదంగాలకూ అది కుదరదు. ఆరో తీగను డి దాకా దించి రెండు శ్రుతిలో వాయించడం తరచూ సుఖంగా ఉంటుంది. గిటార్‌ను మొదట క్లీన్‌గానే పెట్టండి, డిస్టార్షన్ మైకు లేని మృదంగాన్ని మింగేస్తుంది. రిఫ్‌ను నోటితో సొల్లుకట్టులో, అంటే తకిట తకధిమి అక్షరాల్లో చెప్పండి, బార్లు, సిగ్నేచర్లు అని చెప్పకండి. ‘నాలుగు మిశ్రాలు, ఒక చతురశ్రం, ఆదితాళం’ అంటే రెండో ఆవర్తనానికే వాళ్లు పట్టేస్తారు.

మొదటి రోజు ఆదితాళం ఎవరు వేయాలో ముందే తేల్చుకోండి. గిటార్ పట్టుకున్నవాళ్ల చెయ్యి ఖాళీగా ఉండదు కాబట్టి మూడో మనిషి ఉంటే మంచిది, ఇంట్లో అమ్మో పిన్నో అయినా చాలు. ఎవరూ లేకపోతే కుడి పాదంతో ఎనిమిది లెక్కలూ నేల మీద తట్టండి. పాదం ఆగిందంటే రిఫ్ అక్కడే ఆపి, గిటార్ ఒళ్లో పెట్టుకుని, ఇద్దరూ కలిసి మళ్లీ నోటితో మొదలుపెట్టండి.